ఇరవై మూడో తాడు

రాసుకోండి సార్, రాసుకోండి. కానీ ఒక్క షరతు. నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధం అనిపించినా ఆ పెన్ను అక్కడే ఆపేసి, "పెద్దాయనా, కోతలు కోస్తున్నావు" అని నా మొహం మీదే అనండి. అనండి చూద్దాం! డెబ్బై ఒక్కేళ్ళు వచ్చాయి నాకు, ఇంతవరకూ అన్నవాడు లేడు. ఒకడు అనబోయి ఆవలింతతో సరిపెట్టుకున్నాడు.

ముందు నా ఫిర్యాదు రాయండి. బయట బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చోబెట్టారు నన్ను. ఆ బెంచీకి మూడు కాళ్ళే సరిగ్గా ఉన్నాయి. నాలుగో దాని కింద మడతపెట్టిన కాగితం. సముద్రంలో మనుషుల్ని కాపాడే ఆఫీసట ఇది! బెంచీనే కాపాడుకోలేకపోతున్నారు.

ఏమిటి? వృత్తా? సముద్రం. అలాగే రాయండి.

ఏం, గడి సరిపోదా? ఓహో, "రేవులో క్రేను డ్రైవరు, రిటైర్డ్" అని ముందే రాసి ఉందా. ఎవరు చెప్పారు మీకు? మా బావగారేగా? ఆయనకి నిజాలు చెప్పే జబ్బు ఉంది.

సరే, క్రేను డ్రైవరే. అయితే ఏమిటట? పన్నెండంతస్తుల ఎత్తున గాజుగది సార్ అది. ముప్పై ఎనిమిదేళ్ళు సముద్రాన్ని పైనుంచి చూశాను. మిగతా అందరూ దాని మొహమే చూస్తారు, నేను దాని నడినెత్తి చూశాను. సుడి ఎక్కడుందో కూడా తెలుసు. నలభై టన్నుల పెట్టెని గాల్లో లేపి, కింద కప్పులో ఉన్న టీ తొణక్కుండా దించేవాణ్ణి. ఆ టీ ఎవరిదంటారా? మా మేనేజరుది. దించాక తాగేవాడు కూడా.

ఇంకో మాట రాయండి. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క కొక్కెం వదులుగా ఉన్నా బరువు లేపలేదు నేను. కింద నుంచి ఎంతమంది అరిచినా సరే, ఓడ ఆలస్యమైపోతోందని మొత్తుకున్నా సరే. నాలుగు మూలలా నాలుగు కొక్కేలు బిగించి ఉన్నాయా లేదా, కళ్ళతో చూస్తేనే లీవరు మీద చెయ్యి పడేది. రేవంతా నన్ను "కొక్కెం తాత" అనేవాళ్ళు. తాతని కానప్పుడు కూడా.

అది రాయక్కర్లేదా? ఎందుకు రాయక్కర్లేదు? మీకు కావలసినవి మాత్రమే రాసుకుంటారన్నమాట.

సరే, పోయిన గురువారం సంగతి. కానీ అది గురువారం మొదలవలేదు సార్. మా అమ్మాయి మామగారితో మొదలైంది. అదే, మా బావగారు. మీ పర్మిట్ పుస్తకంలో పేరున్న మనిషి. వాచీలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, ఆవగింజంత చక్రాన్ని పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి బతికిన మనిషి. అది ఒక పనా? నేను ఒక తుమ్ము తుమ్మితే ఆయన దుకాణంలో సగం సరుకు ఎగిరిపోయేది.

మా వియ్యపురాలు పోయి రెండేళ్ళవుతోంది. అప్పట్నుంచీ ఈయన నోరు మూతపడింది. అంతకుముందు మహా మాట్లాడేవాడని కాదు, ఆవిడ మాట్లాడుతుంటే "ఊఁ" కొట్టేవాడు. కొట్టడానికి ఎవరూ లేకపోయేసరికి ఆ "ఊఁ" కూడా పోయింది. ఇంట్లో తొమ్మిది గోడగడియారాలు, తొమ్మిదీ ఆగిపోయాయి. కీ ఇవ్వలేదు. వాచీల మనిషి ఇంట్లో గడియారం ఆగిపోవడమేమిటి, నలుగురూ నవ్వరూ? మొహం మీదే అడిగాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

అలాంటి మనిషి ఇంటి ముందు ఒకరోజు లారీ ఆగింది. అందులోంచి పసుప్పచ్చటి ప్లాస్టిక్ అరటికాయ ఒకటి దిగింది. పద్నాలుగు అడుగులు.

పెడల్ కయాకట. ఆ పేరు పలకడానికే నాలుక మడత పడుతుంది. నేను తొక్కుడు పడవ అన్నాను. ఇద్దరు కూర్చోవచ్చు, ఒకరి వెనక ఒకరు. సైకిలు తొక్కినట్టు తొక్కితే అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ కొట్టుకుంటాయి, బాతు కాళ్ళలాగా. "చేతులు ఖాళీగా ఉంటాయి బావగారూ, గాలం పట్టుకోవడానికి" అన్నాడు. రెండేళ్ళలో ఆయన మాట్లాడిన అతి పొడవైన వాక్యం అదే. వినడానికి మా అమ్మాయి వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

ఇంక చూడండి తమాషా. మూడు నెలలు! కారు షెడ్డులో ఆ అరటికాయకి అలంకారాలు చేశాడు. కొత్త పడవ సార్, చిల్లు లేని పడవ. దానికి డ్రిల్లుతో చిల్లులు పొడిచాడు! గాలం కర్రలు నిలబెట్టే గొట్టాలు బిగించాలట. పొడిచి, చుట్టూ జిగురు పూసి, లోపల నీళ్ళు పోసి, బయటికి కారుతున్నాయేమో అని స్టూలు వేసుకుని మధ్యాహ్నమంతా చూశాడు. లోపలి నీళ్ళు బయటికి వస్తే ఏమిటి, బయటి నీళ్ళు లోపలికి వస్తేనేగా మునిగేది? అడిగాను. "ఒకే చిల్లు బావగారూ, రెండు వైపులా ఒకటే" అన్నాడు. ఎగతాళి చూడండి.

చేపలు చూపించే స్క్రీను ఒకటి. దానికి బ్యాటరీ, బ్యాటరీకి ప్లాస్టిక్ డబ్బా, డబ్బాకి రబ్బరు మూత. అడుగున చేపుంటే తెర మీద వంకర గీత వస్తుందట. నేను క్రేను పైనుంచి నీళ్ళ రంగు చూసి చెప్పేవాణ్ణి, ఇది ఆడ చేప, ఇది మగ చేప, ఇది ఇవాళ చిరాగ్గా ఉంది అని. ఎందుకు చూస్తున్నారు అలా? రాసుకోండి.

అన్నిటికంటే నవ్వొచ్చేది తాళ్ళు. ప్రతి వస్తువుకీ ఒక తాడు. తెడ్డుకి తాడు. గాలాలకి తాళ్ళు. చేతివలకి తాడు, పట్టకారుకి తాడు, రేడియోకి తాడు, టోపీకి తాడు. నీళ్ళ సీసాకి తాడు! పెడళ్ళు రెండు జతలూ పడవ మధ్యలో బావుల్లాంటి రంధ్రాల్లో దిగి కూర్చుంటాయి, వాటికీ తాళ్ళు. ప్రతి తాడుకీ చివర కొక్కెం. "పడవ తిరగబడితే కట్టనిదేదీ మిగలదు బావగారూ" అని రోజూ అదే పాట. పడవ ఎందుకు తిరగబడుతుందయ్యా నేనుండగా? అదీ అడిగాను.

పైగా ఒక జాబితా. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కాగితంలో పెట్టి అంటించి, ముందు సీటు పక్కన వేలాడదీశాడు. బయల్దేరేముందు ఒక్కోటీ వేలితో ముట్టుకుని చదువుకోవాలట. నేను వినలేదు, చదవలేదు. జాబితా చూసుకుని సముద్రం మీదికి వెళ్ళేవాడు చేపలకి కూడా రసీదు రాసిస్తాడు.

గురువారం ఉదయం ఆరింటికి రేవులో దిగాం. మీ రేవులో నల్లబోర్డు ఉంటుంది చూడండి, ఎవరు వెళ్ళారు, ఎన్నింటికి తిరిగొస్తారు అని సుద్దముక్కతో రాసేది. "ఇద్దరు, ఆరు నుంచి పదకొండు" అని రాసి వచ్చాడు బావగారు. ఆ బోర్డు దాకా నడక, రాయడం, చెరిపి మళ్ళీ గుండ్రంగా రాయడం, అంతా కలిపి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు నేను పడవ దగ్గరే ఉన్నాను.

ఏం చేశానా? ఏం చేస్తాను, కాపలా కాశాను. పదండి ముందుకి.

నేను వెనక సీటు. చుక్కాని తిప్పే పిడి అక్కడే ఉంటుంది, అంటే కెప్టెను సీటన్నమాట. ముందు సీటులో బావగారు. తొక్కడం మొదలుపెట్టాం. ఏం తొక్కానంటారు! ఈ తొడలు చూడండి, డెబ్బై ఒక్కేళ్ళ తొడలా ఇవి? పడవ ముందు భాగం గాల్లోకి లేచింది. పక్కన మోటారు పడవలో వెళ్ళేవాళ్ళు ఇంజను చెడిపోయిందేమో అని దిగి చూసుకున్నారు.

గంటన్నరలో ఒడ్డు సన్నటి గీతయింది. బావగారు తెర చూసి, "ఇక్కడ ఏదో ఉంది" అన్నాడు. ఆయన అనేలోపే నా గాలం వంగింది.

చేప అని అనకండి దాన్ని. తలుపు సార్! మీ ఆఫీసు తలుపు కాదు, గోడౌను తలుపు. ఒక్కసారి పక్కకి తిరిగి పైకి తేలింది. దాని కన్ను మీ టేబులు మీది ఆ పేపరు వెయిటు కంటే పెద్దది. అందులో నా మొహం కనపడింది. గడ్డం గీసుకోవచ్చు, అంత స్పష్టంగా.

నిలబడ్డాను.

ఎందుకంటారా? కూర్చుని పట్టే చేపా అది! "కూర్చోండి బావగారూ" అన్నాడాయన. మూడుసార్లు అన్నాడు. ముందు సీటులోంచి వెనక్కి తిరక్కుండా, మెల్లగా. ఆయన జన్మలో గొంతు పెంచి ఎరగడు. పడవ మునిగిపోతున్నా దరఖాస్తు పెట్టుకున్నట్టే మాట్లాడతాడు. అలా చెప్తే ఎవడు కూర్చుంటాడు?

చేప ఎడమవైపు లాగింది. నేనూ ఎడమవైపే వంగాను. సరిగ్గా అప్పుడు అల వచ్చింది. రెండంతస్తుల అల. సరే, మేడ మీద గది లేని రెండంతస్తులు. అంతే, ఆకాశం కిందికి వెళ్ళింది, నీళ్ళు పైకొచ్చాయి.

ఇప్పుడు వినండి, ఇదే ముఖ్యం. పైకి తేలి చూస్తే పడవ బోర్లా పడి ఉంది. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు కొడుతోంది. పడవ కదిలిపోతోంది. లైఫ్ జాకెట్టు మనిషిని తేలుస్తుందే కానీ పరిగెత్తించదు కదా. బావగారు పడవకి ఆ చివర వేలాడుతున్నాడు, తడిసిన కాకిలాగా. నేనేం చేశాను? పళ్ళతో తాడు కరిచిపట్టుకుని, చేతులతో నీళ్ళు చీల్చుకుంటూ, పడవనీ ఆయన్నీ కలిపి వెనక్కి లాగాను. పడవని ఒక్క తోపుతో తిరగేశాను. ఆయన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి లోపల కూర్చోబెట్టాను. వీధంతా తెలుసు ఈ సంగతి. మా అమ్మాయి పక్కింటివాళ్ళని పిలిచి మూడుసార్లు చెప్పించింది నాచేత.

ఈతా? ఏం ప్రశ్న సార్ అది? చేపని అడుగుతారా ఈత వచ్చా అని?

వచ్చా రాదా అంటే... క్రేను మీద ఈత ఎక్కడ నేర్చుకుంటారండీ.

మీవాళ్ళు ఏం రాశారు రిపోర్టులో? చదవండి, వింటాను. పన్నెండుంబావుకి కనిపించారు, సరే. పెడళ్ళు లేవు, తెడ్డు లేదు, రేడియో లేదు, సరే. పోయాయి మరి, తిరగబడితే పోవా? "ఇరవై రెండు తాళ్ళూ పడవకే ఉన్నాయి. ఒక్కటీ తెగలేదు. కొక్కేలు తెరిచి ఉన్నాయి."

ఊఁ.

దానికి మా బావగారు సమాధానం ఇచ్చేశాడుగా? "తగిలించడం మర్చిపోయాను, తప్పు నాది" అని సంతకం కూడా పెట్టాడుగా? ఇంక నన్నెందుకు పిలిచారు? పెద్దాయన, మర్చిపోయాడు. వయసు మీద పడితే మతిమరుపు. నాకంటే మూడేళ్ళు చిన్నవాడైతే ఏం, అందరూ నాలా ఉంటారా?

అయితే పర్మిట్ రద్దు చేస్తారన్నమాట. ఎన్నాళ్ళు? శాశ్వతంగానా? పడవ కూడా ఇవ్వరా?

మంచిదే. నాకేం. ఆ అరటికాయ మీ పెరట్లో గొలుసు వేసి ఉంది, వస్తూ చూశాను. దాని మీద కాకి కూర్చుంది. ఉండనివ్వండి. పొద్దున మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, మామయ్యగారు మళ్ళీ గడియారాలకి కీ ఇవ్వడం మానేశారు" అంది. పడవ వచ్చాక తొమ్మిదింటికీ ఇచ్చాడు లెండి. ఇల్లంతా టిక్కుటిక్కుమని ఒకటే గోల, భోజనం చేస్తుంటే దవడలు దాని లెక్కకి ఆడేవి. ఇప్పుడు నిశ్శబ్దమట. హాయి కదా! ఆ సంగతి నాకు ఫోను చేసి చెప్పడమెందుకు? ఏడుపు గొంతెందుకు? చెప్పండి మీరు.

ఇంకేం రాసి ఉంది అందులో? "వెనక మనిషి నడుముకి నీలం తాడు. రెండో కొస పడవ మధ్య కడ్డీకి. కోసి విడదీయవలసి వచ్చింది."

చిక్కుకుంది. తాళ్ళు చిక్కుకుంటాయి సార్, వాటి పనే అది. అన్ని తాళ్ళున్న పడవలో ఒకటి నడుముకి చుట్టుకోకపోతే ఆశ్చర్యం. అదే నేను పళ్ళతో కరిచిపట్టుకున్నది.

ఏమిటిది? ఓ, ఆయన జాబితా. పడవలోనే దొరికిందా? పైన ఇంకా ఉప్పు అంటుకుని ఉందే. చదవమంటారా? ఇస్కూలు పిల్లాడిలా చదవాలా నేను? ఉండండి, కళ్ళజోడు.

ఒకటి, తెడ్డు, కుడి పక్క, ఎర్ర తాడు. రెండు, రేడియో, ముందు సీటు ఎడమ పక్క. చూశారా రాత? చీమలు బారులు తీరినట్టు. ఎనిమిది, ముందు పెడళ్ళు. తొమ్మిది, వెనక పెడళ్ళు. పదిహేను, జెండా కర్ర. పద్దెనిమిది, బావగారి టోపీ. హుఁ, నా టోపీ కూడా! ఇరవై ఒకటి, బావగారి కళ్ళజోడు పెట్టె. ఇరవై రెండు, నీళ్ళ సీసా.

ఇరవై మూడు.

ఇరవై మూడు, బావగారు. నడుం వెనక, నీలం తాడు, ఆరడుగులు. చెప్పకూడదు, కోప్పడతారు.

మంచినీళ్ళున్నాయా?

ఈ గ్లాసు ఎన్నాళ్ళయింది కడిగి? సరే, ఇటివ్వండి.

ఇది ఎప్పుడు రాశాడంటారు? బయల్దేరే ముందు గబుక్కున రాసి ఉంటాడు. కాదే. ఇది ప్లాస్టిక్ లోపల ఉంది. అంటించేశాక రాయడానికి వీల్లేదు. ఈ జాబితా అంటించి నెలన్నర అయింది సార్, నేను షెడ్డులోనే ఉన్నాను, ప్లాస్టిక్ అతకడానికి ఇస్త్రీపెట్టె పట్టుకోమన్నాడు. నన్ను రమ్మని అడిగిందేమో ఆ గురువారానికి ముందు ఆదివారం. "తోడు వస్తారా బావగారూ" అని గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆలోచించుకుని చెప్తానన్నాను నేను. బిగువు!

అంటే అడగకముందే రాసి పెట్టుకున్నాడు. వస్తువుల్లో కలిపి.

ఆ నీలం తాడు ఎప్పుడు కట్టాడో నాకిప్పుడు తెలుస్తోంది. నేను వెనక సీటులో కూర్చున్నాక, మోకాలి లోతు నీళ్ళలో నా వెనకాల నిలబడి, "జాకెట్టు వెనక పట్టీ వదులుగా ఉంది, కాస్త ముందుకి వంగండి" అన్నాడు. వంగాను. టక్కుమంది. వీపు మీద రెండుసార్లు తట్టాడు. పట్టీ అనుకున్నాను. నలభై టన్నుల పెట్టెలకి కొక్కెం పడితే పన్నెండంతస్తుల మీదనుంచి తెలిసేది నాకు. నా నడుముకే పడితే తెలియలేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. నేనైతే ఇంకా గట్టిగా నవ్వేవాణ్ణి.

ఆ కాగితం తీయండి సార్. అది కాదు, తెల్ల కాగితం. నేను సంతకం పెట్టబోయేది దాని మీద. ఇందాకటి దాంట్లో తలుపు, రెండంతస్తులు, పళ్ళు, అవన్నీ కొట్టేయండి.

ఆ పది నిమిషాల్లో ఏం చేశానని అడిగారు కదా.

మీ రేవులో ఐసు గడ్డలు పగలగొట్టే ఆవిడ ఉంటుంది, ఐసు పెద్దమ్మంటారు. బావగారు బోర్డు దగ్గరికి వెళ్ళగానే మా పడవని ఎగాదిగా చూసింది. "ఏం తాతా, చేపలకా, సంతకా? పశువుల్ని కట్టినట్టు అన్నీ కట్టేశారు. ఆఖరికి సీసా కూడా పారిపోతుందా?" అంది. అక్కడున్న నలుగురూ పగలబడి నవ్వారు. వాళ్ళలో ఇద్దరు ఒకప్పుడు నా క్రేను కింద పనిచేసినవాళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. విప్పేశాను.

ఒక్కోటీ విప్పాను సార్. ఇరవై రెండూ. తెడ్డు, రేడియో, నా సీటు కిందికి చెయ్యి పెట్టి పెడళ్ళవి కూడా. విప్పినవి విప్పినట్టు పడేస్తే ఆయన చూస్తాడు కదా? అందుకని ప్రతి తాడునీ చుట్ట చుట్టి, కొక్కేన్ని వస్తువుకి ఆనించి పెట్టాను. పైనుంచి చూస్తే తగిలించినట్టే ఉంటుంది. ఆయన వచ్చి జాబితా పట్టుకుని ముట్టుకోబోతే, "నేను చూశానులే బావగారూ, కొక్కేల సంగతి నాకు చెప్తారా?" అన్నాను. అప్పుడాయన వేలు వెనక్కి తీసుకున్నాడు. కొక్కేల సంగతిలో నా మాట మీద నమ్మకం ఆయనకి.

కొక్కెం తాత! థూ.

రేవులో ఎవడైనా ఆ పని చేసుంటే అక్కడికక్కడే క్రేను ఆపి, దిగొచ్చి, చెంప పగలగొట్టి ఇంటికి పంపేవాణ్ణి.

ఇంకా రాయండి. తొక్కలేదు నేను. పెడళ్ళ మీద కాళ్ళు పెట్టుకుని దృశ్యాలు చూశాను. ముందున్నవాడికి వెనకవాడి కాళ్ళు కనపడవు కదా. రెండు మైళ్ళూ ఒక్కడే తొక్కాడు. తెలియదనుకున్నాను. తొక్కేవాడికి బరువు తెలియకుండా ఎలా ఉంటుంది?

ఈత రాదు నాకు. ముప్పై ఎనిమిదేళ్ళు సముద్రాన్ని చూశాను కానీ మోకాలి పైకి నీళ్ళు ఎక్కడం గురువారమే మొదటిసారి. తేలి చూస్తే పడవ దూరమైపోతోంది, నేను గొంతు చించుకుని అరుస్తున్నాను. ఏమని అరిచానో రాయొద్దు. అప్పుడు నడుం వెనక ఎవరో పట్టి లాగినట్టయింది. బావిలోంచి చేద తోడినట్టు, చెయ్యి మీద చెయ్యి వేసి, ఆ వాచీల మనిషి నన్ను లాక్కున్నాడు. పట్టకారు పట్టుకునే చేతులతో! పడవని ఆయనే తిరగేశాడు. షెడ్డు ముందు గడ్డి మీద పదిసార్లు చేసి చూసుకున్నాడు ఆ పని, నేను కుర్చీలో కూర్చుని వెక్కిరిస్తుంటే.

పెడళ్ళున్న రంధ్రాలు రెండూ ఖాళీ. అందులోంచి నీళ్ళు కనపడుతున్నాయి. ఆయన ఆ రంధ్రాలకేసి చూశాడు. తాళ్ళు చూశాడు, తెరిచి ఉన్న కొక్కేలు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని మూసి, తెరిచి, మూశాడు. ఆ తర్వాత నావైపు తిరిగాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడు నా మొహాన ఉమ్మేస్తాడు అనుకున్నాను.

"చలిగా ఉందా బావగారూ?" అన్నాడు.

అంతే. నాలుగ్గంటలు. నేనేమో చచ్చిపోతున్నామని ఏడుస్తున్నాను. ఆయన చేతి వాచీ చూసుకుంటూ, "పదకొండు దాటనివ్వండి, బోర్డు చూసి వస్తారు. గుండ్రంగా రాశాను" అంటున్నాడు. వచ్చారు మీవాళ్ళు.

ఇంటికెళ్ళాక మా అమ్మాయి ఏమైందని అడిగితే, పాపిష్టి నోరు, నేనే కాపాడానని మొదలుపెట్టాను. ఆయన అక్కడే ఉన్నాడు, దుప్పటి కప్పుకుని. ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు అని చూస్తూనే పెంచుకుంటూ పోయాను. ఆపడే! పక్కింటావిడ "నిజమేనాండీ?" అని అడిగితే తల ఊపాడు సార్. "అవును, బావగారే" అన్నాడు. నన్ను కొట్టినా అంత నొప్పుండేది కాదు. ఏం మనిషండీ ఆయన! ఒళ్ళు మండిపోతుంది నాకు.

రాశారా అంతా? చదివి వినిపించనక్కర్లేదు. ఆయన పర్మిట్ సంగతి చెప్పండి.

ఉంటుందా. పడవ?

సాయంత్రంలోగా ఇచ్చేస్తారా. గొలుసు మీరే తీయండి, గీతలు పడకుండా. కాకి రెట్ట కూడా కడిగించండి, ఆయన మళ్ళీ మధ్యాహ్నమంతా కూర్చుని తుడుస్తాడు.

నామీదా? ఏడాది పాటు ఏ పడవా ఎక్కకూడదా? బోర్డు పక్కన కాగితం అంటిస్తారా, రేవు మొత్తం చూసేలా? అంటించండి. పెద్ద అక్షరాలతో అంటించండి, ఐసు పెద్దమ్మకి చూపు ఆనదు. ఎక్కాలని ఎవడేడుస్తున్నాడు? ఉప్పునీళ్ళు, ఎండ, తొక్కుడు. గాడిద గుడ్డు.

చేప సంగతా? అది ఉంచండి. మోచేతి పొడవు. సరే, మణికట్టు దాకా. అక్కణ్ణుంచి మాత్రం ఒక్క అంగుళం తగ్గించను, మీరు నన్ను జైల్లో పెట్టుకున్నా సరే.

ఇంకా ఏమిటి? సాక్షా? సాక్షి కావాలా, నా తప్పు నేను ఒప్పుకోవడానికి? బావగార్ని అడక్కండి, ఆయన మళ్ళీ తనదే తప్పంటాడు. ఐసు పెద్దమ్మని పిలవకండి, నవ్వుతుంది.

ఆ జాబితా ఇలా ఇవ్వండి. దీన్నే మీ కాగితానికి జతచేసి కుట్టండి. ఇప్పుడు ఆ కింది గడిలో రాయండి. కళ్ళారా చూసినవాడు, చేతులారా విప్పినవాడు, ఈత రానివాడు, ఇప్పటికీ బతికే ఉన్నవాడు.

సాక్షి పేరు: ఇరవై మూడో నంబరు.